నూటికి నూరు తెచ్చే ఉపాయం

మందకొడి పిల్లల్ని మా ఊరి హైస్కూలు చూసుకున్నంత ప్రేమగా కన్నతల్లి కూడా చూసుకోలేదేమో. నమ్మరా? అయితే మా పక్కింటి షాహిస్తా సంగతి వినండి.

షాహిస్తాకి పదహారేళ్లు. బుద్ధి వయసుతో పాటు ఎదగలేదని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఓపిగ్గా చెబితే చదువు వస్తుందని కూడా అన్నాడు గానీ, ఆ రెండో ముక్క మా బడిదాకా రాలేదు.

ఆరో తరగతి నుంచీ ఆమెది గుమ్మం పక్క బెంచీ. మంచి గాలి! టీ తేవాలంటే షాహిస్తా, సుద్దముక్కలు కావాలంటే షాహిస్తా, లెక్కల మాస్టారి స్కూటరు తుడవాలంటే షాహిస్తా. ఫస్టు ర్యాంకు వాళ్లకైనా ఇంత బాధ్యత ఇచ్చారా?

ఇలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో మాస్టార్లకి ట్రైనింగు కూడా అయింది. వెళ్లొచ్చినవాళ్లు అక్కడి భోజనాలను చాలాకాలం తలుచుకున్నారు. ఇచ్చిన పుస్తకం ఊగే బల్ల కాలికింద ఈనాటికీ సేవ చేస్తోంది. ట్రైనింగు వృథా అని ఎవరనగలరు?

ఇన్‌స్పెక్షన్ అంటే మిగతా పిల్లలకి వణుకు. షాహిస్తాకి ఆ బాధే లేదు. "ఇవాళ ఇంటికెళ్లి పడుకో అమ్మాయ్" అని ముందే పంపేసేవారు. ఎంత దయ!

అసలు ప్రేమ పదో తరగతిలో బయటపడింది. పబ్లిక్ పరీక్షకి ఆమె పేరు పంపలేదు. కారణం? హాజరు తక్కువట! వాళ్లే ఇంటికి పంపిన రోజులు కూడా ఆబ్సెంటే కదా మరి.

సంగతి తెలిసి తల్లి మౌలాబీ మిరపకాయలు ఏరే కల్లం నుంచి చేతుల మంటతోనే బడికి పరుగెత్తింది. తోడుగా నేనూ వెళ్లాను.

"చూడమ్మా మౌలాబీ," అన్నారు హెడ్మాస్టరు గారు ఎంతో ఓర్పుగా. "తాలుకాయ ఏరకుండా బస్తా మిర్చి యార్డుకి పంపితే ఏమవుద్ది?"

"రేటు పడిపోద్దండి."

"మరి? మన బడికీ అంతే."

"అది కాయండీ, ఇది పిల్లండీ! ఇన్నేళ్లు మీ టీలు మోసింది, ఒక్క పరీక్ష రాయనీయరా?"

"ఫెయిలైతే దాని మనసే కదమ్మా కష్టపడేది!"

ఇలాంటి పిల్లలకి ఎక్కువ టైము ఇవ్వొచ్చట, రాసిపెట్టే మనిషినీ ఇవ్వొచ్చట అని నేను గొణిగాను.

"దానికి కావాల్సిన డాక్టరు సర్టిఫికెట్ల కోసం ఎవరు తిరుగుతారు? నువ్వు తిరుగుతావా?"

తిరుగుతానండీ అనేలోపు ఆయన బెల్లు కొట్టించారు. ఆయన్ని తప్పుపట్టకండి. తిరిగితే ఒక పిల్ల పరీక్ష రాస్తుంది. తిరక్కపోతే బడికి నూరు శాతం వస్తుంది. ఏది లాభం?

వచ్చింది కూడా! పాసైన వాళ్లందరి ఫొటోలతో బస్టాండులో ఫ్లెక్సీ కట్టారు. బడిలో సన్మాన సభ పెట్టారు. లడ్డూల పళ్లెం పట్టుకోవడానికి మనిషి కావాలిగా? షాహిస్తాకి కబురొచ్చింది. మౌలాబీ వద్దంది. ఆ పిల్ల ఆగితేనా! కొత్త చున్నీ వేసుకుని పరుగెత్తింది.

అందరికీ పంచి, హెడ్మాస్టరు గారి ముందు ఆగింది. "సార్, నూరులో నేనున్నానా?"

ఆయన మంచి సంతోషంలో ఉన్నారు. "అసలు నీ వల్లే కదే నూరొచ్చింది!"

ఆ బడిలో ఆమెకి ఎవరైనా చెప్పిన పచ్చి నిజం అదొక్కటే.

ఇప్పుడు షాహిస్తా రోజూ సాయంత్రం బస్టాండుకి వెళ్లి, ఫ్లెక్సీలో తన ఫొటో వెతుక్కుంటోంది. హెడ్మాస్టరు గారూ, ఒక మనవి. ఆ ఫ్లెక్సీని త్వరగా దింపించండి. ఆ పిల్ల నిదానమే గానీ, వదిలే రకం కాదు. ఒక్కో మొహమే చూసుకుంటూ వస్తోంది. ఇక చివరి వరసే మిగిలింది.