దారుకుడి వీడ్కోలు దండ

పెద్ద అడవే అది. పెద్దది కనుక దానికొక వనమండలి, మండలికొక అధ్యక్షుడు, అధ్యక్షుడికొక కార్యదర్శి, ఆ కార్యదర్శి తాబేటి డిప్ప కింద ఏనాటివో దరఖాస్తులు, అన్నీ యథావిధిగా అమరి ఉండేవి.

ఆ అడవిలో దారుకుడనే వడ్రంగిపిట్ట చెట్లను పరీక్షించే కొలువులో ఉండేవాడు. ఏ జంట గూడు కట్టదలచినా ముందుగా అతడు రావాలి. మానును ముమ్మారు ముక్కుతో తట్టి, చెవి ఒగ్గి విని, "గట్టిది" అనో "బోలు" అనో చెప్పాలి. అతడు గట్టిదన్న చెట్టు గాలివానకు కూలిన దాఖలా లేదు.

అంతటి పనివాడూ తొమ్మిదేళ్లుగా తాత్కాలిక పరీక్షకుడే. "ఉద్యోగం ఖాయమైతే చురుకు తగ్గుతుంది నాయనా, నీ మేలు కోరే ఆపుతున్నాను" అని అధ్యక్షుడు కుంజరరావు అనే ఏనుగు ఏటా ఒకసారి వాత్సల్యంతో సెలవిచ్చేవాడు.

ఇలా ఉండగా, ఒక శరత్కాలపు ఉదయాన వలస కొంగ ఒకటి భూర్జపత్రం మీద రాసిన లేఖ తెచ్చింది. కొండల అవతల సరళవనమనే పరాయి అడవి ఉంది. అక్కడి పాలకులు దారుకుడి కీర్తి విన్నారట. ప్రధాన పరీక్షకుడిగా రమ్మన్నారు. పున్నమిలోగా జవాబు కోరారు.

దారుకుడు లేఖను మూడుసార్లు చదివి భార్య కింశుకకు ఇచ్చాడు. ఆమె ఒక్కసారే చదివింది.

"మీకు వెళ్లాలని ఉందా?"

దారుకుడు కొమ్మ మీద అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాడు. "లేదు."

"అయితే రాలేనని రాసి పంపండి. కొంగగారు ఇంకా మడుగు దగ్గరే ఉన్నారు."

"అంత తొందరేమిటే? నాకు వెళ్లాలని లేదు. వెళ్తానంటే వీళ్లు వద్దని ఆపుతుంటే వినాలని ఉంది."

"ఆపకపోతే?"

"తొమ్మిదేళ్లుగా ఈ అడవిలో ప్రతి చెట్టూ తట్టినవాణ్ణి. నన్ను ఆపకపోవడమేమిటి?"

"చెట్లను తట్టారు, సరే. మండలిని ఎప్పుడైనా తట్టి చూశారా?" అని కింశుక ఈకలు సవరించుకుంది.

ఆ మాట రుచించక దారుకుడు మండలి సభ్యుడైన జంబుకయ్య అనే నక్క దగ్గరకు సలహాకు పోయాడు.

"ఉద్యోగం ఖాయం చేయమని అడిగితే ఎవరు చేస్తారయ్యా?" అన్నాడు జంబుకయ్య, కళ్లు సగం మూసి. "పోతానని దరఖాస్తు పెట్టు. కుంజరరావుగారు వచ్చి నీ కాళ్లు పట్టుకుంటారు. అప్పుడు ఖాయం చేయమను."

"ఆయన పట్టుకుంటే నాకిక కాళ్లు మిగులుతాయా?"

"లాంఛనంగానయ్యా. నువ్వు మరీ పసివాడివి."

మర్నాటి పొద్దున్నే దారుకుడు తన దరఖాస్తును కార్యదర్శి కమఠయ్య అనే తాబేలుకు అందించాడు. కమఠయ్య నుంచి అధ్యక్షుడి దాకా దూరం పది బారలు. ఆ దూరం దాటడానికి ఏ కాగితానికైనా రెండు వానాకాలాలు పట్టేది. ఈలోగా బతిమాలే సమయం అందరికీ దొరుకుతుందని దారుకుడి లెక్క.

ఆనాటి మధ్యాహ్నం అతడు మేతకు పోయి గూటికి తిరిగి వచ్చేసరికి చెట్టు మొదట్లో కమఠయ్య రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"అనుమతి మంజూరైంది బాబూ. రేపే వీడ్కోలు సభ."

దారుకుడు గబగబా కింది కొమ్మకు దిగాడు. "కమఠయ్యగారూ, నేను ఇంకా ఆలోచిస్తున్నానండీ."

"దరఖాస్తులో ఆలోచనకు గడి లేదు బాబూ. ఉండుట, పోవుట, రెండే."

ఆ అడవిలో ఉన్నవాణ్ణి మెచ్చుకునే అలవాటు తక్కువ, పోయేవాణ్ణి సన్మానించే ఉత్సాహం ఎక్కువ. వీడ్కోలు దండ పడినవాడు మూడు రోజుల్లో కొమ్మ ఖాళీ చేయాలన్నది నియమం.

మండలి ఎప్పుడూ కొలువుతీరే ఇప్పచెట్టు కిందనే సభ జరిగింది. తొమ్మిదేళ్లలో ఒక్కనాడూ పలకరించనివారు సైతం వచ్చి కన్నీరు పెట్టుకున్నారు. టేకాకు శాలువా కప్పారు. తంగేడుపూల దండ వేశారు. దాని బరువుకు దారుకుడు ముందుకు తూలితే, వినయమని అందరూ మెచ్చుకున్నారు.

"నేనింకా నిర్ణయించుకోలేదు" అన్నాడతడు.

"ఎంత నిగర్వి" అంటూ సభ చప్పట్లు కొట్టింది.

కుంజరరావు గొంతు సవరించుకున్నాడు. "దారుకయ్య లేని లోటు ఎన్నటికీ పూడ్చలేనిది. ఆ లోటును పూడ్చడానికి మన జంబుకయ్యగారి శిష్యుడు కీరప్పను ఈ క్షణం నుంచే ఖాయంగా నియమిస్తున్నాం."

కీరప్ప అనే చిలుక ముందుకు వచ్చాడు. తట్టకుండానే, వినకుండానే, ఆ ఇప్పచెట్టు కేసి తల తిప్పి, దారుకుడి గొంతుతోనే "గట్టిది, గట్టిది" అన్నాడు. తేడా ఎవరికీ తెలియలేదు.

"అయ్యా, అది బోలు" అన్నాడు దారుకుడు. "మూడుసార్లు నివేదిక ఇచ్చాను. కమఠయ్యగారి డిప్ప కిందే ఉన్నాయి."

"పోతూ పోతూ కూడా మన చెట్ల మీద ఎంత మమకారమో చూశారా" అని కుంజరరావు తొండంతో కళ్లు తుడుచుకున్నాడు.

వస్తున్నామని కొంగ చేత కబురంపి, మూడోనాడు దారుకుడు, కింశుక కొండలు దాటారు.

సరళవనంలో చెట్లు నిటారుగా ఉండేవి, పాలకులు మర్యాదస్తులు. జిగురు ముక్కుకు అంటుకుంటుందన్న ఒక్క ఇబ్బంది తప్ప లోటు లేదు. అయినా దారుకుడు సాయంత్రమైతే పాత అడవి ఉన్న దక్షిణం వైపు కొమ్మ మీదనే కూర్చునేవాడు.

మరుసటి ఆషాఢంలో కబురు తెలిసింది. కుంజరరావు ఉపన్యసిస్తూ అలవాటు ప్రకారం ఇప్పమానుకు వీపు రుద్దుకోగా, మాను కాస్తా కూలిందట. ఆయన పక్కనున్న మడుగులో పడ్డాడట. ప్రాణాలకు ఏమీ కాలేదు కాని, ఉపన్యాసం ఆగిపోయింది. చెట్టు నేల మీద పడి ఉన్నా కీరప్ప మాత్రం "గట్టిది" అనడం మానలేదట.

మండలి వెంటనే తీర్మానించింది: పరాయి అడవి నుంచి నిపుణుణ్ణి రప్పించాలి. సరళవనం తన ప్రధాన పరీక్షకుణ్ణి పది రోజులకు పంపింది.

కింశుకతో కలిసి ఆ వచ్చినవాడు దారుకుడని చూసి అడవి మురిసిపోయింది. మళ్లీ శాలువా, మళ్లీ దండ. అతడు నలభై చెట్లు తట్టి పన్నెండు బోలువని తేల్చాడు. తొమ్మిదేళ్లు చెప్పిన పన్నెండే. ఈసారి అందరూ రాసుకున్నారు.

పదోనాడు కుంజరరావు అతడి ముందు మోకరిల్లి, తొండం చాపి, ఆ చిన్ని కాళ్లను నిజంగానే తాకాడు. "తమవంటివారు ఇక్కడే ఉండిపోకూడదా?"

దారుకుడి గుండె వెన్నలా కరిగింది. తొమ్మిదేళ్లుగా వినగోరిన మాట అది. "ఉంటాను" అన్నాడు, కింశుక వైపు చూడకుండా.

కమఠయ్య డిప్పలోంచి తల బయటపెట్టాడు. "దానికేం బాబూ, దరఖాస్తు పెట్టుకోండి. తిరిగి చేరిక కనుక మొదట తాత్కాలికమే. రెండు వానాకాలాల్లో తేలిపోతుంది."

"అవునవును, పద్ధతి పద్ధతే" అన్నాడు కుంజరరావు, అదే వాత్సల్యంతో.

కింశుక దగ్గరకు జరిగింది. "ఇప్పటికి మండలిని తట్టారు కదా. ఏమని పలికింది?"

దారుకుడు అలవాటుగా చెవి ఒగ్గి, కాసేపు విన్నాడు.

"బోలు" అన్నాడు.

దండ తీసి కొమ్మకు తగిలించి, ఇద్దరూ కొండల వైపు ఎగిరిపోయారు. ఆ దండను మండలి భద్రపరిచింది, వచ్చే వీడ్కోలుకు పనికొస్తుందని.

కాబట్టి ఆపుతారేమో చూద్దామని పోతాననేవాడు, ముందు మూట కట్టుకుని, ఆ తర్వాతే ఆ మాట అనవలెను.