వీపు రుద్దే పగవాడు

ఆ ఆదివారం పొద్దున కురమోచి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒసాకా నగరంలో ఒక వెనకసందులోని పాత స్నానశాలకు పదింటికి చాటుగా వెళ్ళాలి, ఇసోబె చేత వీపు రుద్దించుకోవాలి, ఒక్క మాట అడగాలి.

చిక్కల్లా ఇసోబె అతనికి బద్ధశత్రువు కావడమే. పంతొమ్మిదేళ్ళు ఇద్దరూ కుస్తీ ప్రదర్శనల్లో జంటగా ఆడారు. బడి వ్యాయామశాలల్లో యాభైమంది ముందు తన్నులు తింటూ మొదలుపెట్టి, దేశంలో మేటి జంట అనిపించుకునేదాకా వచ్చారు. ఆరేళ్ళ కిందట కంపెనీ పెద్ద షినోదా "జంట పాతబడింది, విడిపోండి" అన్నాడు. చెప్పిన ప్రకారమే ఇసోబె మడతకుర్చీతో కురమోచి వీపు వాయించాడు. జనం బావురుమన్నారు. ఆ వృత్తిలో బరిలో శత్రువులైతే బయటా శత్రువులే. ఒకే రైలుపెట్టె ఎక్కకూడదు, ఒకే కొట్లో నూడుల్స్ తినకూడదు. పైగా ఊరగాయలా పగ కూడా ఊరాలంటూ షినోదా వాళ్ళను ఎదురెదురుగా అయినా ఆడించలేదు.

కురమోచికి ఆ తర్వాత ముగ్గురు జోడీలు మారారు. ముగ్గురూ మంచివాళ్ళే. కానీ దెబ్బలు తిని, పాక్కుంటూ బరి మూలన కాచుకున్న జోడీ దగ్గరికి చేరి, నా బదులు నువ్వు దిగమని చెయ్యి చాపినప్పుడు అందుకునే చెయ్యి ఇసోబెది కాదు. ఆ బెంగతో అతనికి అన్నం సహించడం లేదు. మోకాలు అరిగిపోయి ఇసోబె వచ్చే వసంతంలో మానేస్తున్నాడని విన్నాక నిద్ర కూడా పోయింది. ఈలోగా ఒక్కసారైనా ఒకే మూలన నిలబడాలి.

"మెల్లగారా, తోలు ఊడొస్తోంది," అన్నాడు కురమోచి, స్నానశాలలో ఇసోబెకు వీపు అప్పగించి.

"బాగా ఒళ్ళు చేశావన్నా. నీ వీపు రుద్దేసరికి పొద్దుగూకేట్టుంది."

కురమోచి కళ్ళు చెమర్చాయి. నెపం సబ్బు మీదికి నెట్టేశాడు. "ఒరే ఇసోబే, ఒక మాట..."

తలుపు తెరుచుకుంది. టోఫు కొట్టు సుగావర కురమోచికి వీరాభిమాని. తన దేవుడి వెనక శత్రువు కూర్చుని ఉండడం చూశాడు.

"కురమోచిగారూ, వెనక! వెనక!"

ఆరేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఇసోబె చెయ్యి దానంతటదే లేచి వీపుమీద ఫెళ్ళున పడింది. సుగావర అతని మీదికి ఉరికి, సబ్బు తొక్కి, జారి, వేడినీళ్ళ తొట్లో తలకిందులుగా పడ్డాడు. పైకి తేలి, "చంపేస్తున్నాడు!" అని అరిచాడు. గోడ అవతల స్నానం చేస్తున్న ఆడవాళ్ళు, "ఎవర్నే?" "కురమోచినటే!" అనుకోవడమే తడవు, చెక్క బకెట్లు గోడ మీంచి రాసాగాయి. గల్లాపెట్టె దగ్గరి ముసలమ్మ పోలీసును పిలిచింది. వచ్చిన కానిస్టేబులు ఖర్మకాలి ఇసోబె అభిమాని. "వదలకండి సార్!" అని ఈల ఊదాడు.

తుండుగుడ్డలతో ఇద్దరూ వీధిన పడ్డారు. సందంతా జనం. ఇక కొట్టుకోక తప్పదని కురమోచి ఇసోబె మెడను చంకలో బిగించాడు.

"వీపు మండుతోందా అన్నా?" చంకలోంచి గుసగుస.

"నోర్ముయ్, వింటారు. మళ్ళీ జంట కడదామా? ఒక్కసారి?"

"ఇది అడగడానికి ఆరేళ్ళు పట్టిందా నీకు? రేపే పెద్దాయన కాళ్ళు పట్టుకుందాం. ముందు గట్టిగా బిగించు, జనం చూస్తున్నారు."

మర్నాడు కాళ్ళు పట్టుకునే అవకాశం రాలేదు. షినోదా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. సందులో ఎవరో తీసిన వీడియో అప్పటికే దేశమంతా చూసింది.

"పగ ఊరిందయ్యా! ఇసోబె వీడ్కోలు పోటీ నీతోనే. ఈలోగా మీరిద్దరూ ఒకే వీధిలో కనపడ్డారో, నేను మనిషిని కాను!"



వసంతం వచ్చింది. గంట కొట్టగానే కురమోచి తిన్నగా వెళ్ళి ఇసోబె మెడ పట్టుకున్నాడు. పదకొండు నిమిషాలు వదల్లేదు, గుసగుసలు ఆగలేదు. ఇసోబె కూతురికి పెళ్ళయిందట. సొంతూళ్ళో నారింజతోట వేస్తాడట. వదలమని చెప్పడానికి మూడోసారి వంగిన రిఫరీ, ఏం విన్నాడో, కళ్ళు తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు.

"ఇక వదిలెయ్, అన్నా."

"ఇంకొంచెంసేపు ఉండరా."

ఇంతటి ద్వేషం ఈ తరంలో ఎవరూ చూడలేదని మర్నాడు పత్రికలన్నీ రాశాయి.