ఆరు మూలల ముగ్గు

ఆ ఉదయం యశస్విని వేసుకున్న పథకం చిన్నదే. వాకిట్లో ముగ్గు పెట్టేసి, ఎనిమిదింటికి కోడూరులో బస్సెక్కి, అవనిగడ్డ కాలేజీలో కెమిస్ట్రీ నోటి పరీక్షకు వెళ్లాలి. రసాయనాల పేర్లన్నీ కంఠతా వచ్చు. నలుగురిలో నోరే పెగలదు. ఇప్పటికి రెండు సున్నాలు వచ్చాయి. మూడోదీ వస్తే నాన్నను పిలిపిస్తామన్నారు లెక్చరర్ శ్యామ్ సుందర్ గారు.

చివరిసారి పాఠం చూసుకున్నట్టు ఉంటుందని, చుక్కల ముగ్గు మానేసి ఆరు మూలల సైక్లోహెక్సేన్ అణువు బొమ్మ గీసింది. ఒక మూలకు ఇథైల్ తోక, మధ్యలో ఒక మూల వదిలి మిథైల్ తోక తగిలించి, చుట్టూ అంకెలు వేసింది.

పక్కింటి దుర్గాంబ గారు పాలగిన్నెతో ఆగిపోయారు. "ఆరు మూలలా! మోపిదేవి స్వామి యంత్రమేనా అమ్మాయ్? ఆరు ముఖాలకీ ఆరంకెలూ వేశావే!"

కాదని చెప్పబోయింది. మాట రాలేదు.

"ఓహో, చెప్పకూడదా? మౌనంగా చేసుకునే మొక్కన్నమాట!"

ఏడున్నరకల్లా వీధి పొడవునా ఆరు మూలలే. ఒకరు పసుపు చల్లారు, ఒకరు కర్పూరం వెలిగించారు. ఎవరూ తొక్కకుండా వీధికి అడ్డంగా కుర్చీలు వేశారు. సంచీ భుజాన వేసుకుని బయల్దేరిన యశస్విని, ఎదురింటి కనకమహాలక్ష్మి ముగ్గు దగ్గర నిలబడిపోయింది. అంకెలు అటు తిప్పి వేయడంతో మిథైల్ అయిదో మూలలో పడింది. చూడనట్టు నాలుగడుగులు వేసింది గానీ, ప్రాణం ఒప్పలేదు.

"పిన్నీ, అయిదు కాదు, మూడు! తక్కువ అంకె వచ్చేవైపే తిరగాలి!"

వీధంతా ఇటు తిరిగింది. "దాని పేరేంటే తల్లీ?"

"ఒకటి ఇథైల్ మూడు మిథైల్ సైక్లోహెక్సేన్!"

ఇరవై గొంతులు మంత్రంలా అందుకున్నాయి. ఆ హోరులో బస్సు హారన్ ఎవరికీ వినపడలేదు. వీధి చివర పెద్దరోడ్డు మీద నుంచి బస్సు వెళ్లిపోయింది. కాసేపటికే, రోజూ ఈ వీధిలోంచే కాలేజీకి వెళ్లే శ్యామ్ సుందర్ గారి స్కూటర్ వచ్చి కుర్చీల దగ్గర ఆగింది.

"యశస్వినీ! ఇందాక అరిచింది నువ్వేనా?"

తలూపింది.

"తల కాదు, నోరు. ఆ చివరింటి ముందు అయిదు మూలలదేంటి?"

"సైక్లోపెంటేన్ సార్. వాళ్ల వాకిలి ఇరుకు."

"పదికి పది. నీ టెస్టు అయిపోయింది, బండెక్కు. అమ్మా, ఇది కెమిస్ట్రీ. కాస్త దారివ్వండి."

"ఏదైతేనేం బాబూ," అన్నారు దుర్గాంబ గారు. "పేరు చెప్పి దాటండి."

"అబ్బ! ఒకటి మిథైల్ మూడు ఇథైల్..."

"తప్పు!" అంది వీధంతా.

పదిహేనేళ్లుగా ఆ పాఠమే చెబుతున్న శ్యామ్ సుందర్ గారు చెప్పులు విప్పి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.