పెద్ద బండి కింద ఆయిలు చుక్క

ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరి, ఎండెక్కకముందే వదినగారింటికి చేరుకోవాలన్నది లిఫ్టాయన వేసుకున్న పథకం. లిఫ్టాయన అంటే లిఫ్టులు బాగుచేసే ఆయన. పాతికేళ్లుగా నలుగురి లిఫ్టులూ ఆగినప్పుడల్లా పరుగెత్తడమే పని కావడంతో, తానుండే అపార్టుమెంటులో కూడా ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. అవసరం పడలేదు.

పదిహేడేళ్లు ఒకటే చిన్న బండి నడిపాడు. అది ఒక్కనాడూ మొరాయించలేదు గానీ, దాని మీద కూర్చుని దారిలో గుంతలన్నీ భరించిన నడుం మొరాయించింది. వెడల్పాటి సీటున్న పెద్ద బండి కొనుక్కోమని డాక్టరు చెప్పలేదు. బండి మానెయ్యమన్నాడు. మిగతాది ఈయనే కలుపుకున్నాడు.

కాళ్లు ముందుకు చాపుకుని దర్జాగా కూర్చునే క్రూయిజరు బండి కోసం మూడు నెలలు వెతికాడు. వెతకడమంటే, అలాంటి బండ్లు కొన్నవాళ్లు ఫోను గ్రూపుల్లో వెళ్లబోసుకునే ఏడుపులన్నీ చదవడం. ఒకాయన బండికి క్లచ్చు తీగ తెగింది. ఇంకొకాయనకి నడిరోడ్డు మీద బ్యాటరీ చచ్చింది. మరొకాయనకి ఇంజను ఆయిలు కారింది. బండి బాగున్నవాళ్లు బండి మీద తిరుగుతున్నారు కాబట్టి వాళ్లెవరూ ఏమీ రాయలేదు. రోజంతా చెడిపోయిన యంత్రాల మధ్య గడిపే మనిషికి, ఇంటికొచ్చాక తనదంటూ ఒక్క యంత్రమైనా నమ్మకంగా ఉండాలని ఆశ. గుండె చిక్కబట్టుకుని కొన్నాడు. పాత బండిని బావమరిదికి ఇచ్చేశాడు.

బావమరిది బడిలో డ్రిల్లు మాస్టారు. "పెద్ద బండ్లని నమ్మకూడదు బావా. ఎంత పెద్దదైతే అంత పెద్ద రోగం" అని అప్పుడే హెచ్చరించాడు.

కొత్త బండి వచ్చి ఎనిమిది రోజులైంది. మెట్ల కింద పట్టకపోవడంతో పార్కింగులో లిఫ్టు గోడ పక్కన పెడుతున్నాడు. ఆ ఆదివారం తుడుద్దామని గుడ్డ పట్టుకుని దిగితే, ఇంజను మూత మీద తడి తగిలింది. కింద నేల మీద చొక్కా బొత్తామంత ఆయిలు చుక్క కనిపించింది.

"అనుకున్నంతా అయింది" అన్నాడు, పక్కన ఎవరూ లేకపోయినా.

భార్య ముస్తాబై దిగింది. "బయల్దేరదామా అండీ?"

"ఆయిలు కారుతోంది."

"ఒక్క చుక్కేగా!"

"ఒక్క చుక్కతోనే మొదలవుతుంది. దారిలో ఇంజను పట్టేస్తే ఏం చేస్తావ్?"

"అలా అని ఎవరు చెప్పారు?"

"గ్రూపులో రాశారు."

ఆవిడ నిట్టూర్చి పైకి వెళ్లి అక్కకి ఫోను చేసింది. "రాలేమే అక్కా. ఈయన బండి బాగోలేదు. పొద్దున్నించీ కారుతోంది. ఈయనేమో కింద పడుకుని లేవట్లేదు." అవతల వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. అక్కగారి చెవిన పడింది మాత్రం "ఈయన", "బాగోలేదు", "కారుతోంది", "కింద పడి లేవట్లేదు."

గంట తిరిగేసరికి అక్కగారు, దారిలో ఆవిడ ఎక్కించుకున్న బావమరిది ఆటోలో దిగారు. లిఫ్టాయన అట్టముక్క పరుచుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని, రెండో చుక్క ఎక్కణ్నించి వస్తుందా అని రెప్ప వెయ్యకుండా ఇంజనుకేసి చూస్తున్నాడు.

"అయ్యో మరిదిగారూ!" అని అక్కగారు పెట్టిన కేకకి నాలుగంతస్తుల బాల్కనీల్లోకీ జనం వచ్చారు. పై అంతస్తులో ఉండే సంఘం సెక్రటరీ ఇంకేమీ అడక్కుండా అంబులెన్సుకి ఫోను కొట్టాడు. లిఫ్టాయన లేచి, ఒళ్లు దులుపుకుని, తనకేం కాలేదని అందరికీ చెప్పుకునేలోపే అది కూత పెట్టుకుంటూ వచ్చేసింది.

"పేషెంటు ఎవరండీ?" అన్నాడు అంబులెన్సు మనిషి.

అందరూ బండికేసి చూశారు.

"ఇంత దూరం వచ్చాం, బీపీ అయినా చూసి వెళ్తాం" అని అతను లిఫ్టాయన చేతికి పట్టీ చుట్టాడు. బీపీ నిజంగానే ఎక్కువుంది.

సోమవారం బండి సర్వీసు సెంటరుకు వెళ్లింది. రెండు రోజులు ఉంచుకుని, "చుక్క కూడా లేదు సార్" అని పంపారు. ఇంటికొచ్చిన మర్నాడే చుక్క పడింది. మళ్లీ వెళ్లింది. ఈసారి ఇంజను మూత విప్పి, లోపలి సీలు మార్చి ఇచ్చారు. మర్నాడు రెండు చుక్కలు పడ్డాయి. మూడోసారి మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"సార్, ఏమీ అనుకోకండి. మా దగ్గర కారదు, రోడ్డు మీద కారదు, మీ ఆఫీసు ముందు పెట్టినా కారదు. మీ ఇంట్లోనే కారుతోంది. బండికి మీ ఇల్లు పడట్లేదేమో సార్."

"యంత్రానికి పడడం, పడకపోవడం ఉంటాయా? పాతికేళ్లుగా యంత్రాలతో ఉన్నవాణ్ని" అని లిఫ్టాయన టీ ముట్టకుండా లేచాడు. రోగం దాచిపెట్టి మాట్లాడుతున్నారని ఆయన నమ్మకం.

ఈలోగా సెక్రటరీ రోజూ మెట్ల దగ్గర కాపు కాస్తున్నాడు. "లిఫ్టు మా అంతస్తు దాకా రాకుండా జానెడు కిందే ఆగుతోందండీ. మా ఆవిడ మోకాళ్ల సంగతి మీకు తెలుసుగా."

"రేపు చూస్తానండీ."

"నిన్న కూడా రేపే అన్నారు. అదలా ఉంచండి, మీ బండి ఆయిలు మీద కాలు జారి మొన్న నేను పడబోయాను. దాని సంగతేంటి?"

లిఫ్టాయన ఆ సాయంత్రమే బండి కింద పాత పళ్లెం ఒకటి పెట్టాడు. పొద్దున లేవగానే మొహం కడక్కుండా వెళ్లి పళ్లెం చూసుకోవడం అలవాటైంది. నిద్ర పట్టడం మానేసింది. ఆ బండి మీద ఆయన హాయిగా తిరిగింది మొదటి ఎనిమిది రోజులే. కాళ్లు చాపుకుని, భార్యని వెనక కూర్చోబెట్టుకుని ఊరి చివరి వంతెన దాకా వెళ్లొచ్చిన సాయంత్రం నడుం నొప్పి అసలు గుర్తే రాలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

చివరికి బావమరిదే జాలిపడ్డాడు. "నీ అవస్థ చూళ్లేకపోతున్నా బావా. నీ పాత బండి నువ్వు తీసుకో. ఈ పీడేదో నేను పడతాను."

"కారుతుందిరా."

"కారనీ. నీ బీపీ కన్నా ఎక్కువా?"

బండ్లు మారాయి. పెద్ద బండి గుడుగుడుమంటూ వీధి మలుపు తిరిగేదాకా లిఫ్టాయన గేటు దగ్గరే నిలబడ్డాడు. మెట్ల కింద ఎవరో సైకిళ్లు పెట్టేయడంతో, పాత బండిని లిఫ్టు గోడ పక్కనే పెట్టి, చాలా రోజుల తరవాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

పొద్దున దిగి చూస్తే, పదిహేడేళ్లలో ఏనాడూ చుక్క కార్చని పాత బండి సీటు మీద ఆయిలు మెరుస్తోంది.

బండికి సీటులోంచి ఆయిలు కారడం గ్రూపులో కూడా ఎవరూ రాయలేదు. ఆయన వంగి చూస్తుండగా, బట్టతల మీద టప్పున ఏదో పడింది. తడిమి చూసుకుని, వేళ్లు వాసన చూసుకుని, మెల్లగా తల పైకెత్తాడు.

పైన కప్పు వెంబడి లిఫ్టు ఆయిలు గొట్టం వెళుతోంది. ఆ లిఫ్టు ఆయిలు ఒత్తిడితో లేచే రకం. గొట్టం అతుకు దగ్గర తేనె రంగు చుక్క ఒకటి ఊరుతోంది. ఆ అతుకు బిగించింది తనే. నెలనెలా చూసి "అంతా సవ్యం" అని చీటీ మీద సంతకం పెడుతున్నదీ తనే. ఆయిలు తగ్గితే లిఫ్టు పై అంతస్తుకి అందదన్న సంగతి ఈ పని నేర్చుకున్న మొదటి వారంలోనే తెలుసు.

అంతలో లిఫ్టు గంట గణగణ మోగింది. లోపల సెక్రటరీ, ఆయన భార్య ఇరుక్కున్నారు.

"రేపు రేపు అన్నారు! ఆ రేపు ఇవాళైనా వచ్చిందాండీ?" అన్న కేక లిఫ్టు లోంచి దిగివచ్చింది.

"వచ్చిందండీ" అన్నాడు లిఫ్టాయన.

వాల్వు తిప్పి వాళ్లని మెల్లగా కిందికి దించాడు. అతుకులో వాషరు మార్చి బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తరవాత నిచ్చెన మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు.

సంగతి విన్న భార్య, "అయితే ఆ బండికి ఏ రోగమూ లేదన్నమాట" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

మూడు వారాలకి బావమరిది ఫోను చేశాడు. "బండి బంగారం అనుకో బావా! మొన్న పెద్దక్క వాళ్లింటికి కాళ్లు చాపుకుని వెళ్లొచ్చా. గుంత తెలిస్తే ఒట్టు."

లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. "ఒరే, మళ్లీ మార్చుకుందామా?"

"నీ మంచి కోరి చెప్తున్నా బావా, పెద్ద బండి నీకు వద్దు. నీ బీపీకి పడదు." మళ్లీ తనే అడిగాడు: "అవునూ, మీ ఇంట్లో అంతలా కారిందే, మా ఇంట్లో చుక్క కూడా పడదేంటి?"

లిఫ్టాయన నడుం మీద చెయ్యేసుకుని కుర్చీలో సర్దుకున్నాడు.

"మీ ఇంటికి లిఫ్టు లేదుగా."