తాతయ్య మోడెం, మా తరగతి సమాచార వలయం

జపాను దేశం సమాచార యుగంలోకి అడుగుపెట్టిన రోజున మా ఇంట్లో ఉన్నవారు: తాతయ్య, నానమ్మ, బడికి సెలవు కాబట్టి నేను, ఒక టెలిఫోను. (అమ్మ ఆపిల్ తోటకు వెళ్లింది. అంటే బాధ్యత గల పెద్దలెవరూ లేరు.)

నా వీడియోగేమ్ పెట్టెకు తాతయ్య మోడెం తగిలించాడు. దానికి టెలిఫోను తీగ గుచ్చితే టోక్యో షేర్ల ధరలు టీవీలో కనిపిస్తాయి. అంతసేపూ ఇంటికి ఫోను రాదు. ఎవరైనా రిసీవరెత్తితే ధరలు మాయమవుతాయి. అందువల్ల తాతయ్య తనను తానే గృహ టెలిఫోను శాఖాధిపతిగా నియమించుకుని, రిసీవరు మీద ఊరగాయ జాడీలో ముల్లంగిని అదిమిపెట్టే బరువు రాయి పెట్టించాడు.

"ఏమండీ, ఆ రాయి లేక నా ముల్లంగి పైకి తేలుతోంది," అంది నానమ్మ.

"తేలనీ. ఉక్కు షేరు కూడా తేలుతోంది," అన్నాడు తాతయ్య, టీవీకి వంగి దండం పెడుతూ.

దేశంలో మరో వ్యవస్థ ఉంది: తరగతి సమాచార వలయం. టీచరు ఒకరికి ఫోను చేస్తే, వారు తర్వాతి ఇంటికి చేయాలి. నా తర్వాత కజితానీ వాళ్లిల్లు. (అబ్బాయి ఇల్లు. అక్కడికి ఫోను చేయాలంటే నాకు నిద్రలో కూడా చెమట పడుతుంది.)

ఆ వలయంలో నాకు ముందున్న ఇంటి హోసొకాయ్ గారు వానలో సైకిలు మీద వచ్చారు.

"మీ ఫోను చచ్చిందా ఏంటమ్మా? తిప్పీ తిప్పీ వేలు వాచింది! రేపు తరగతి పిల్లలు సముద్రానికి వెళ్లే బస్సు ఎనిమిదింటికి కాదు, ఆరింటికే. కానీ ఇది నేను చెప్పినట్టు కాదు. ఫోనులో చెబితేనే చెప్పినట్టు."

మా కొండల్లో సగం తరగతి సముద్రాన్ని చూడలేదు. ఆ సగం వలయంలో నా తర్వాతే ఉంది.

"తాతయ్యా, ఒక్క నిమిషం ఫోను..."

"సముద్రం ఎక్కడికి పోతుందే? ఉక్కు పోతుంది!"

కజితానీ వాళ్లింటికి నడిచాను. వాళ్లమ్మ తలుపు తీసింది. కళ్లు మూసుకుని, బస్సు సంగతి మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. (బయటివాళ్లతో నేను పూర్తి చేసిన మొదటి వాక్యం అదే.)

ఆమె శ్రద్ధగా విన్నది.

"ఎంత చక్కగా చెప్పావు తల్లీ! కానీ ఇది ఫోనులో రావాలి కదా? నోటిమాట నమ్మి అంత పొద్దున్నే అందర్నీ ఎలా లేపమంటావు? వెంటనే ఇంటికెళ్లి ఫోను చెయ్యి. మేమందరం దాని పక్కనే కూర్చుని ఉంటాం."

ఆమె నడుము వంచి నమస్కరించి, నా చేతిలో రెండు నారింజలు పెట్టి, తలుపు మూసింది.