తొమ్మిది కాగితాల కవాతు

సైన్యంలో అధికారి కావాలంటే బురదలో పాకక్కర్లేదు, తుపాకి పట్టక్కర్లేదు. రెండేళ్లు చిన్న కాలేజీలో చదివి, మూడో ఏడు పెద్ద యూనివర్సిటీకి మారుతూ, ఆ సందట్లోనే సైనిక శిక్షణ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటే చాలు. అంతకు మించిన శిక్షణ భూమ్మీద లేదని నా నిశ్చితాభిప్రాయం!

ఈ కాగితాల బాధ తగ్గించాలని అప్పుడప్పుడూ పత్రికలకు ఎవరో ఒకరు ఉత్తరాలు రాస్తుంటారు. పాపం, వాళ్లకు దేశరక్షణ గురించి ఏం తెలుసు?

మారెన్ టాలెఫ్సన్ సంగతి చెబుతాను, వినండి.

మారెన్‌కు ఇరవయ్యేళ్లు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో పాల ట్యాంకర్ నడిపే మనిషి కూతురు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో నది పొంగినప్పుడు ఊరందరితో పాటు ఇసుక బస్తాలు మోసింది. సాయానికి వచ్చిన సైనిక దళాన్ని నడిపింది ఒక లెఫ్టినెంట్. మారెన్ కంటే నాలుగేళ్లు పెద్దదేమో, అంతే. గొంతు పెంచకుండా, "మీరు పదిమంది ఇటు, మీరు ఆరుగురు అటు" అంటూ మూడు రోజుల్లో గట్టు నిలబెట్టింది. పోలీసు చీఫ్ కూడా ఆమె చూపించిన చోటికే బస్తా మోశాడు. తనూ అలాంటి మనిషి కావాలని మారెన్ అప్పుడే అనుకుంది. స్కాలర్‌షిప్ వస్తే చదువు ఖర్చు సైన్యానిది, ఆ తర్వాత కొన్నేళ్ల కొలువు ఆమెది. రాకపోతే చదువు అక్కడితో సరి.

శిక్షణ ఆఫీసులో ప్రుడోమ్ అనే రిటైర్డ్ సార్జెంట్ ఆమె చేతిలో ఒక జాబితా పెట్టాడు. తొమ్మిది కాగితాలు. గడువు మే ముప్పై.

"ఏముంది తల్లీ, తేలికే," అన్నాడు. "నువ్వు మూడో ఏడాదిలో చేరుతున్నట్టు యూనివర్సిటీ వాళ్లు రాసివ్వాలి. మిగిలిన రెండేళ్లలో ఏమేం చదువుతావో పట్టిక వేసి, యూనివర్సిటీ నీకు కేటాయించే అధ్యాపక సలహాదారుతో సంతకం పెట్టించాలి. తక్కినవన్నీ చిల్లర కాగితాలు."

అడ్మిషన్ల కౌంటర్లో వెర్నా స్కోగెన్ అనే పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది. "సలహాదారుని ఆగస్టులో ఇస్తామమ్మా."

"సంతకం మే నెలలో కావాలండీ."

"మే నెలలో నువ్వు మా విద్యార్థినివి కావుగా."

ఇందులో లోపం ఎక్కడుందో చూపించండి! శత్రువు కోటకు తలుపు లేనప్పుడు ఏం చేయాలో ఇంత చవగ్గా ఎవరు నేర్పుతారు?

మూడో ఏడాదికి, పాసైన కోర్సులకు ఇచ్చే క్రెడిట్లు అరవై ఉండాలి. చిన్న కాలేజీలో సంపాదించినవి మారెన్ దగ్గర అరవై ఒకటి ఉన్నాయి. యూనివర్సిటీ యాభై ఏడే ఒప్పుకుంది. మ్యాపులు చదవడం, భూమి కొలవడం నేర్పిన నాలుగు క్రెడిట్ల కోర్సును కొట్టేసింది. బాల్‌రూమ్ డాన్సును మాత్రం నిక్షేపంగా ఉంచింది.

"మా దగ్గర డాన్సు నేర్పుతారమ్మా, మ్యాపుల కోర్సు లేదు," అంది వెర్నా, చాలా మర్యాదగా.

ప్రుడోమ్ ఆ మాట విని కాఫీ కప్పు కింద పెట్టాడు. "మ్యాపు చదవడం రాని లెఫ్టినెంట్ల వెనక ఇరవై రెండేళ్లు నడిచాను తల్లీ. డాన్సు రాకపోవడం వల్ల ఎవడూ నన్ను చిత్తడినేలలో దించలేదు."

తర్వాత చెయ్యి. ఏడేళ్లప్పుడు విరిగింది. అతుక్కుందని అప్పటి డాక్టరే రాసివ్వాలట. ఆ డాక్టరు ప్రాక్టీసు మానేసి తేనెటీగలు పెంచుకుంటున్నాడు. ముఖానికి వల కట్టుకునే, "చెయ్యెత్తు, దించు, బాగుంది. ఇక ఆ పెట్టె కాస్త పట్టుకో" అన్నాడు. అరగంట పెట్టెలు మోశాక సర్టిఫికెట్ వచ్చింది, రెండు తేనెటీగ కాట్లతో సహా.

అడ్మిషన్ల కౌంటర్ ముందు వరండాలో ఆమెతో కలిపి ఏడుగురు పోగయ్యారు. అందులో క్యాస్ డుడెక్ ఒకడు. ఇరవై మూడేళ్లు, పగలు టైర్ల షాపులో పని, పిలుపొస్తే ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛంద సేవ. వరదప్పుడు పడవేసుకుని పదకొండు మందిని ఒడ్డుకు చేర్చాడు. అయిదో కాగితం దగ్గర లేచి టోపీ పెట్టుకున్నాడు.

"కాగితానికో పూట సెలవు పెట్టాలి మారెన్. మా ఓనరు నాలుగో కాగితం దాకా నవ్వాడు. నువ్వు కానివ్వు. నేను వచ్చే ఏడు చూస్తాలే."

వచ్చే ఏడంటే ఏమిటో వరండాలో అందరికీ తెలుసు.

మర్నాడు మారెన్ కౌంటర్‌కు వెళ్లలేదు. భూగోళ శాఖకు వెళ్లి, తలుపు తీసి ఉన్న గది ఒకటి వెతికింది. లోపల ఒక ముసలి ప్రొఫెసరు శాండ్‌విచ్ తింటున్నాడు. ఆమె మ్యాపుల కోర్సు పాఠ్యాంశాలు ఆయన ముందు పరిచింది. ఆయన చదివాడు, తలాడించాడు, ఆ నాలుగు క్రెడిట్లు చెల్లుతాయని రాశాడు. పట్టిక మీద సంతకం కూడా పెట్టాడు.

"మీరు సంతకం పెట్టొచ్చా సర్?"

"ఏమో. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు."

ఏ కాగితం ముందు, ఏది వెనక, ఏ గదిలో ఎవరిని కదిలించాలి, అంతా మారెన్ ఒక బొమ్మగా గీసి వరండాలో వాళ్లకిచ్చింది. మిగిలిన అయిదుగురూ గట్టెక్కారు. వెర్నా దానికి నకలు తీసి కౌంటర్ అద్దానికి అంటించుకుంది. "ఇది నాకూ తెలీదమ్మా," అంది.

చివరికి ఇంటర్వ్యూ. కర్నల్ అడిగాడు: "మీ ఊళ్లో నీకంటే మంచి అధికారి కాగలిగినవాళ్లు ఉన్నారా?"

"ఉన్నాడు సర్," అని మారెన్ పడవ సంగతి చెప్పింది.

"మరి దరఖాస్తు పెట్టలేదేం?"

"మొదలుపెట్టాడు సర్. టైర్ల షాపులో సెలవులైపోయాయి."

కర్నల్ ప్రుడోమ్ వైపు తిరిగాడు. "అతన్ని మళ్లీ పిలవొచ్చా?"

"పిలవొచ్చు సర్. దానికో ఫారం ఉంది."



మారెన్‌కు స్కాలర్‌షిప్ వచ్చింది. పద్ధతి గొప్పదని అందుకే అంటున్నాను. అది మంచివాళ్లను ఏరుతుంది. ఏరగా పారబోసిన వాళ్లలో ఎవరున్నారో చూడటానికి మాత్రం టైర్ల షాపు దాకా ఎవరో ఒకరు వెళ్లాలి. సైన్యానికి తీరిక లేదు, యూనివర్సిటీకి దారి తెలీదు. కనుక మారెనే వెళ్లింది.

డుడెక్ లారీ కింద ఉన్నాడు. బూట్లే కనిపిస్తున్నాయి. ఆమె పక్కనే చతికిలబడి, ప్రుడోమ్ ఇచ్చిన ఫారం మోకాలి మీద పెట్టుకుంది.

"మీ అమ్మ పుట్టింటి పేరేంటి?"

"ఎందుకూ?" అన్నాయి బూట్లు.

"ఎందుకో రాసినవాడికీ తెలీదు. నువ్వు చెప్పు, నేను నింపుతా. సెలవు పెట్టక్కర్లేదు."