అరచేతి పత్రికకై పీడీఎఫ్ సంగ్రామము

హిమకిరీటధారియగు ఇల్లిమాని పర్వతము ప్రభాతభానుకిరణములకు తళతళలాడుచుండగా, లా పాజ్ నగరవీథులు బొమ్మవస్తువులమ్మెడి అలసీతాస్ సంతకు వచ్చిన జనసందోహముతో కిటకిటలాడుచుండగా, ఆ జనవరి మాసపు పుణ్యోదయమున, విశ్రాంత గణితోపాధ్యాయుడును, సుద్దముక్క విసురుటలో గురితప్పనివాడును, భిన్నసంఖ్యాభయంకరుడును అగు కసిమీరో తికోనా తన కంప్యూటరు ఎదుట యుద్ధసన్నద్ధుడై కూర్చుండెను.

కారణము చిన్నది. ఆనాడు ఆ నగరమున కారణములన్నియు చిన్నవే. కోరినదానిని బొమ్మంత చేయించి, మధ్యాహ్నపు గంటలు మ్రోగువేళ ధూపము పట్టించినచో, ఏడాది తిరుగకుండ అది పెరిగి నిజమై వచ్చునని అందరి నమ్మకము. కసిమీరో భార్య బెనీటా వీథిమూలను వేడి మొక్కజొన్న గంజి అమ్మెడి ఇల్లాలు. వానగాలికి కొట్టుపై కప్పిన పట్టా ఎగిరిపోయినది మొదలు ఆమె కోరిక ఒక్కటే: తన కొట్టుకు రేకుల కప్పు. అందుకై మగడు “బెనీటా కొట్టుకు కొత్త కప్పు” అను పతాకశీర్షికతో అరచేత ఇముడు వార్తాపత్రికను కూర్చెను. ఇక దానిని పీడీఎఫ్‌గా మార్చి వీథి చివరి ప్రెస్సునకు పంపవలెను. ఏ మార్గమున మార్చవలెనన్నదే మహాసంకటము.

వీరుడు తొలుత “ప్రింట్” అను రాజమార్గము పట్టెను. ఆ మార్గమున పుట్టిన పీడీఎఫ్‌ను అచ్చొత్తి, ప్రెస్సు యజమానురాలు హెర్మీనియా రొప్పుచు వచ్చి, గుమ్మమున నిండు తావు నొకదానిని విప్పెను.

“ఇదేంటి మాస్టారూ, అరచెయ్యంత అన్నారు! మీ కంప్యూటరు కాగితం నిండా సాగదీసి పంపింది.”

“పోనీలెండి, పెద్దదైతే మరీ మంచిదేగా!”

బెనీటా గరిటెతో సహా బయటికి వచ్చెను. “మంచిదా? చిన్నది పెడితే పెద్దదొస్తుంది. మరి పెద్దది పెడితే? నా నెత్తికి అగ్గిపెట్టెంత రేకొస్తుంది! నీకు లెక్కలెవరు నేర్పారయ్యా?”

గణితోపాధ్యాయునకు ఇది మర్మాఘాతము. సిగ్గుతో చెవులెర్రబడ, అతడు ఉచితముగా మార్చిపెట్టెడి ఒక సైటును శరణు వేడెను. కొలత కుదిరెను. కాని పుటకు అడ్డముగా “నమూనా” అను ముద్ర పడెను.

“నమూనాట! దేవుడూ నమూనా కప్పే పంపుతాడు. నాల్రోజులుంచి పట్టుకుపోతాడు” అని బెనీటా నుదురు కొట్టుకొనెను.

అంతట కసిమీరో పిడికిలి బిగించి, “ఓరీ యంత్రాధమా! దశాంశముల దునుమాడినవాడను, వర్గమూలముల పెల్లగించినవాడను, నన్నే ధిక్కరింతువా?” అని గర్జించెను.

“దానికి చెవుల్లేవు గానీ, గంటలు కొట్టేస్తారు. ఆ మూడోది నొక్కవేం?”

మూడవది “ఎగుమతి”. దానిని అతడు తప్పించుకు తిరుగుటకు హేతువు కలదు. అది ప్రశ్నలడుగును! పుట కొలత ఎంత? అంచులెంత? ఫాంట్లను వెంట పంపవలెనా? జీవితమంతయు ప్రశ్నలడిగినవాడు నేడు జవాబు చెప్పవలసివచ్చెను. చివరి ప్రశ్నకడ అతడు హెర్మీనియా వంకకు తిరిగెను.

“పంపకపోతే ఏమవుతుంది?”

“ఆ సోకు అక్షరాలు నా దగ్గర లేవు మాస్టారూ. అన్నీ గళ్లు గళ్లుగా పడతాయి” అనెను హెర్మీనియా.

“అయితే అన్నీ మోయించు” అని బెనీటా గూటిలోని ఎకెకో విగ్రహమును చూపెను. ఆ మీసాల దేవుడు బియ్యపు మూటలు, చీపుళ్లు, కుండలు వీపున మోయుచు నవ్వుచుండెను. “మా సామి ఏదీ వదిలిపెట్టడు. నీ పీడీఎఫ్ కూడా అంతే.”

కసిమీరో నొక్కెను. హెర్మీనియా పరుగున పోగా ప్రెస్సు కదలెను. కత్తిరింపు ముగిసీముగియకమునుపే దంపతులు పరుగుతీసి, గంటలు మ్రోగుచుండ ధూపము వేయు యతిరి యను పూజారి ఎదుట నిలిచిరి. పత్రికపై పూలరేకులు రాలెను. కళ్లజోడు లేకయే బెనీటా శీర్షికను చదివెను, కన్నీరు తుడుచుకొనెను. మగడు అంతటి ఆనందమును ఎన్నడును ఎరుగడు.

అప్పుడే వాన దిగెను. బెనీటా తన టోపీ తీసి పత్రికపై బోర్లించెను.

“మరి నా నెత్తి?” అని మగడు అడిగెను.

“నీ నెత్తిని మళ్లీ అచ్చెయ్యక్కర్లేదుగా!”

ఓ జనులారా, వినుడు! ఆ వానలో లా పాజ్ నగరమెల్ల తడిసెను. వీరుని బట్టతలయు తడిసెను. అరచేయంత మేర మాత్రము తడవలేదు. ఆ అరచేయంతయు కసిమీరో జయించిన భూమియే.